స్కీ బోటు ప్రొపెల్లర్ విప్పడం, కూర్చోబెట్టడం, కొత్తది కొనడం ఎలా?

సాగర్ నీళ్లు 590 అడుగుల నుంచి దిగడం మొదలైతే చాలు, నీళ్ల మీద స్కీ చేసే మనిషిని లాగే బోట్ల వంకరపోయిన ఫ్యాన్లు (ప్రొపెల్లర్లు) నా షెడ్డు ముందు వరస కడతాయి. సోమశిల వైపు ఇంకా ఘోరం. శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊళ్ల గోడరాళ్లు ఎక్కడ తగులుతాయో చెప్పలేం. అయితే రాయి చేసే నష్టం కొంతే. విప్పేటప్పుడు, బిగించేటప్పుడు మనం చేసేదే ఎక్కువ.

పుల్లర్ (ఫ్యానును లాగి ఊడదీసే సాధనం), స్పానర్లు, ఆకురాయి, వాల్వ్ గ్రైండింగ్ పేస్టు, మార్కర్, కొత్త కాటర్ పిన్ను (నట్టు ఊడకుండా గుచ్చేది) దగ్గర పెట్టుకోండి. బోటును ట్రైలర్ ఎక్కించి బ్యాటరీ వైరు తీసేయండి. షాఫ్టుకు చుట్టుకున్న వలను కోసి పారేయండి.

పిన్ను లాగి నట్టును రెండు చుట్లు వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. పుల్లర్ తగిలించి బిగించి, దాని బోల్టు తల మీద సుత్తితో ఒక్కటి తట్టండి. ఫ్యాను తుపాకీ పేలినట్టు ఠప్పున ఊడుతుంది. అప్పుడు నట్టు లేకపోతే అది నేరుగా మీ మోకాలి మీదికే. ఫ్యాను వెనక నుంచి సుత్తితో బాదేవాళ్లకు నేను బోటు అప్పగించను, ఆ దెబ్బ షాఫ్టు గుండా గేరుబాక్సు దాకా పోతుంది. గ్యాసు మంట కూడా వద్దు, పక్కనే ఉన్న రబ్బరు బేరింగ్ కాలిపోతుంది.

రెక్క అంచున చిన్న గాటు పడితే ఆకురాయితో నున్నగా చేస్తే సరి. రెక్క వంగితే మాత్రం పిచ్ (ఒక్క చుట్టుకు ఫ్యాను ముందుకు పోయే దూరం) కొలిచే సామాను ఉన్న షాపుకే పంపాలి. రైలు పట్టా ముక్క మీద పెట్టి సాపు చేస్తానన్న మేస్త్రీకి ఒకసారి ఇచ్చాను. మూడు రెక్కలూ చూపుకు చక్కగానే ఉన్నాయి, కానీ ఒక్కోటి ఒక్కో పిచ్. బోటంతా చలిజ్వరం వచ్చినట్టు వణికింది.

ఇప్పుడు అసలు పని. షాఫ్టు చివర వాలుగా సన్నబడి ఉంటుంది. 16 అంగుళాలకు అంగుళం వాలు. ఫ్యానును పట్టుకునేది ఆ వాలు, నట్టు కాదు. పేస్టు పలచగా రాసి, కీ (ఫ్యానుకూ షాఫ్టుకూ మధ్య గాడిలో కూర్చునే లోహపు ముక్క) లేకుండా ఫ్యానును ఎక్కించి అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. విప్పి చూస్తే వాలంతా ఒకే తీరు బూడిదరంగు పడాలి. మధ్యలో మెరిసే మచ్చలు ఉంటే ఇంకా ఆనలేదన్నట్టే, మళ్లీ తిప్పండి. చాలామంది ఐదు నిమిషాలకే చెయ్యి నొచ్చిందని ఆపేస్తారు.

పేస్టు ఆనవాలు లేకుండా తుడవండి. కీ లేకుండానే ఫ్యానును చేత్తో గట్టిగా నెట్టి, బాస్ (ఫ్యాను మధ్య గుండు) ముందు అంచు షాఫ్టు మీద ఎక్కడికొచ్చిందో గీత గీయండి. తీసి, కీ పెట్టి మళ్లీ నెట్టండి. అదే గీత దాకా రావాలి. దారం మందం తేడా వచ్చినా కీ ఎత్తుగా ఉందని అర్థం, ఫ్యాను కీ మీద కూర్చుంది తప్ప వాలు మీద కాదు. నట్టు ఎంత బిగించినా లాభం లేదు, కొన్నాళ్లకు షాఫ్టు కీ గాడి దగ్గర పగులుతుంది. కీ పైభాగాన్ని కొద్దికొద్దిగా రాకి సరిచేయండి. వాలు మీద గ్రీజు వద్దు. నట్టు బిగించి కొత్త పిన్ను వేయండి, పాతది వంచి వాడే పొదుపు మనకొద్దు.

ఇంత చేసినా వణుకు పోకపోతే షాఫ్టు, గేరుబాక్సు కలిసే చోట ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు) పెట్టండి. చుట్టూ తేడా మూడు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) దాటకూడదు. ఇది బోటు నీళ్లలో ఉండగా చూడాలి, ట్రైలర్ మీద చూసిన కొలత నమ్మేది కాదు.

కొత్తది కొనేటప్పుడు 13x12 అంటే వ్యాసం 13 అంగుళాలు, పిచ్ 12. ఒక్క చుట్టుకు లెక్క ప్రకారం 12 అంగుళాలు ముందుకు. గేరు తగ్గింపు లేని ఇంజిన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగితే గంటకు 73 కిలోమీటర్లు, జారుడు పోగా అంతకంటే తక్కువే వస్తుంది. పూర్తి థ్రాటిల్‌లో ఇంజిన్ కంపెనీ చెప్పిన చుట్లు అందకపోతే పిచ్ తగ్గించండి, దాటితే పెంచండి. అంగుళానికి సుమారు 200 చుట్లు మారతాయి. మనిషిని లాగే బోటుకు నాలుగు రెక్కలే. మూడు రెక్కలవి వేగం చూపించుకునేవాళ్లకు.

డబ్బు కట్టే ముందు బోటు వెనక నిలబడి, ముందుకు పోయేటప్పుడు షాఫ్టు ఎటు తిరుగుతుందో చూడండి. గడియారం ముల్లులా తిరిగితే కుడిది, లేకపోతే ఎడమది. స్కీ బోట్లలో ఎడమవి చాలా ఉంటాయి.