గల్లా తాళం మనం ఉండగానే ఇవ్వాలి

2009లో మావారు పోయినప్పుడు గల్లాపెట్టె తాళం ఆయన చొక్కా జేబులో ఉంది. ఆసుపత్రి వాళ్ళు బట్టలన్నీ ఒక మూట కట్టి ఇచ్చారు. పదకొండో రోజు దాకా ఆ మూట విప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది. పన్నెండో రోజు షాపు తీద్దామని మా గుమస్తా వస్తే తాళం ఏదని అందరం వెతుక్కున్నాం. అబ్బాయి అప్పుడు ఇంటర్, అమ్మాయి తొమ్మిదో తరగతి.

విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్‌కి దగ్గర్లో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల షాపు. మా మామగారు 1958లో పెట్టారు. పెళ్ళిళ్ళకి బిందెలు, గంగాళాలు, సారె సామాను మా దగ్గర కొన్నవాళ్ళ మనవరాళ్ళు కూడా ఇవాళ మా దగ్గరికే వస్తున్నారు. ఇరవయ్యేళ్ళు ఆ షాపు అన్నం తిన్నాను కానీ, ఆయన పోయేనాటికి దాని గురించి నాకు ఒక్క ముక్క తెలియదు. షాపు ఆయన ఒక్కరి పేరు మీదే ఉండేది. అలాంటి వ్యాపారంలో చట్టానికి మనిషి, షాపు రెండూ ఒకటే. ఆయన పోగానే కరెంట్ అకౌంట్ ఆగిపోయింది, వ్యాట్ నంబరు పనికిరాకుండా పోయింది. సరుకు వేసే ఒకాయన లక్షా ఎనభై వేల బిల్లు తెచ్చి మొత్తం బాకీ ఉందన్నాడు. నా గాజులు కుదువపెట్టి కట్టాను. మూడు నెలల తర్వాత పాత చెక్కుబుక్కు కౌంటర్‌ఫాయిల్‌లో, అందులో అరవై వేలు అప్పటికే కట్టేసినట్టు మావారి చేతిరాత కనిపించింది. ఆ అరవై వేలు తిరిగి రాలేదు.

ఆ కష్టం మా అమ్మాయికి రాకూడదని గత కొన్నేళ్ళుగా షాపుని కొంచెం కొంచెంగా తన చేతికి ఇస్తూ వస్తున్నాను. చిన్నదో పెద్దదో షాపు ఉండి, అరవై దగ్గర పడుతున్న ప్రతి ఒక్కరూ ఈ పని మొదలుపెట్టాలి. నేనెలా చేశానో రాస్తున్నాను.

మొట్టమొదట మన బుర్రలో ఉన్నది కాగితం మీదకి రావాలి. మామగారి కాలంలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి, రోజు లెక్క ఒకదాంట్లో, మనిషి మనిషి ఖాతా ఇంకోదాంట్లో. ఇప్పుడు కంప్యూటరుంది. కానీ రెండింట్లోనూ ఎక్కని సంగతులు చాలా ఉంటాయి. నేను రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని, రాత్రి భోజనాలయ్యాక రోజుకి ఒక్క పేరు చొప్పున రాశాను. ఎడమ పేజీలో బాకీ ఎంత, ఎప్పటిది, హామీ ఎవరు. కుడి పేజీలో ఆ మనిషి సంగతి. నూజివీడు వైపు ఒక పల్లెలో కొట్టు నడిపే ఆయన ఉన్నారు. సంక్రాంతి దాటి ధాన్యం డబ్బులు చేతికొచ్చాకే కడతారు, ఒక్క రూపాయి ఆపరు. అంతకుముందు ఫోన్ చేసి అడిగితే మాత్రం మనసు కష్టపెట్టుకుని రెండేళ్ళు మన గడప తొక్కరు. ఇది తెలియని పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో ఎర్ర గీత కనపడగానే ఫోన్ చేసేస్తారు. ఆ పుస్తకం పూర్తవడానికి నాకు ఏడాది పట్టింది.

రాసేటప్పుడు బాకీల తేదీలు జాగ్రత్తగా చూసుకోండి. అరువు బాకీ మీద కోర్టుకి వెళ్ళాలంటే మామూలుగా మూడేళ్ళే గడువు. ఆ గడువు దాటకముందే “ఇంత బాకీ ఉన్నాను” అని ఆయన చేత రాయించి సంతకం పెట్టించుకుంటే, సంతకం పెట్టిన రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. కోర్టుకి వెళ్ళడం మనకెవరికీ ఇష్టం ఉండదు. అయినా కాలం చెల్లిన బాకీలు పిల్లల నెత్తిన పెట్టకూడదు.

తర్వాత, ఎవరికి ఇవ్వాలి? మా చుట్టాలందరూ అబ్బాయి పేరే చెప్పారు. నేను అబ్బాయినే కూర్చోబెట్టి అడిగాను. “అమ్మా, నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం బాగుంది. షాపంటే గౌరవమే గానీ అక్కడ కూర్చోలేను” అన్నాడు. ఆ మాట విన్నప్పుడు బాధ కలిగిన మాట నిజం. కానీ ఇష్టం లేకుండా గల్లా దగ్గర కూర్చునేవాడి ముఖం కొనేవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. అమ్మాయి బీకాం అయ్యి, 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు లెక్కలు చూడటానికని వచ్చి, అలాగే ఉండిపోయింది. “ఆడపిల్లకిస్తే అల్లుడింటికి పోతుంది కదా” అన్నవాళ్ళున్నారు. ఈ షాపుని ఇన్నేళ్ళూ నిలబెట్టింది కోడలిగా వచ్చిన ఆడమనిషే అని వాళ్ళకి చెప్పాను. చట్టం కూడా ఎప్పుడో మారింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది, 2020లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది.

వచ్చిన పిల్లని నేరుగా గల్లా దగ్గర కూర్చోబెట్టకండి. మా అమ్మాయి మొదటి ఏడాదంతా వెనక గదిలో మా గుమస్తా దగ్గరే పని నేర్చుకుంది. ఆయన్ని తను బాబాయ్ అంటుంది. పాత ఇత్తడి తూకానికి తీసుకునేటప్పుడు మాటు వేసిన బిందెకి ఎంత తరుగు తీయాలి, అంచులో ఇనప కడ్డీ ఉంటే ఎలా తెలుసుకోవాలి, ఇవన్నీ ఆయనే నేర్పారు. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని జనం అనుకుంటారు. 202 అనే రకం స్టీలుకి కూడా అంటుకోదు, కానీ అందులో నికెల్ తక్కువ, 304 రకం అంత మన్నదు. ఇది తెలియకుండా కొనుగోళ్ళకి వెళ్తే మోసపోతాం.

అన్నిటికంటే కష్టం పేర్లు కొట్టే పని. మా దగ్గర కొన్న గిన్నెల మీద పేరు కొట్టి ఇవ్వడం మామగారి కాలం నుంచీ ఉంది. అప్పుడు ఉలి, సుత్తి, ఇప్పుడు కరెంటు మిషను. పెన్నులా పట్టుకుని సూదిని గిన్నె మీద ఆనించగానే జుయ్యిమని చెయ్యంతా వణికిస్తుంది. గట్టిగా ఒత్తితే పల్చటి రేకు సొట్టపోతుంది, వదులుగా పడితే అక్షరం కనపడదు. పైగా గిన్నె గుండ్రం. ఎడమచేత్తో దాన్ని తిప్పుతూ కుడిచేత్తో రాయాలి. ‘క్ష’ కుదరడానికి తనకి వారం పట్టింది. విరిగిపోయిన చెంచాలు, సొట్ట గ్లాసులు ఒక డబ్బాలో వేసిస్తే రోజూ వాటి మీద ఇంటిల్లిపాది పేర్లూ కొట్టేది. ఆ పని వచ్చాక షాపులో పనివాళ్ళు తనని ఓనరుగారి అమ్మాయిలా కాకుండా పనిమంతురాలిగా చూశారు. ఇంకోమాట, మొదటి నెల నుంచీ జీతం ఇవ్వండి. మన పిల్లలే కదా, కావాల్సినప్పుడు గల్లాలోంచి తీసుకుంటారులే అనుకుంటే లెక్కా పోతుంది, వాళ్ళకి తమ పని విలువా తెలియదు.

పెత్తనం ఒక్కసారిగా ఇవ్వలేం. ముక్కలుగా ఇవ్వాలి, ఇచ్చిన ముక్కలో వేలు పెట్టకూడదు. నేను మొదట ఇచ్చింది రిటర్న్ గిఫ్టుల ఆర్డర్లు. ఒక పంచెల ఫంక్షన్‌కి మూడు వందల చిన్న స్టీలు డబ్బాలు పేర్లతో సహా ఒప్పుకుంది. ధర చెప్పేటప్పుడు పేరు కొట్టే కూలీ, డబ్బాకి పదిహేను రూపాయలు, కలపడం మర్చిపోయింది. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాను. నాలుగు వేల ఐదు వందలు నష్టం. రాత్రి లెక్క కట్టుకుని తనే వచ్చి చెప్పింది, “అమ్మా, నీకు తెలుసా?” అని అడిగింది. తెలుసన్నాను. కాసేపు కోపం వచ్చింది తనకి. కానీ ఆ పార్టీ ముందు నేను కలగజేసుకుని ఉంటే, ఆ తర్వాత వాళ్ళు ప్రతి బేరానికీ తనని దాటి నా దగ్గరికే వచ్చేవారు.

ఆ తర్వాత సంవత్సరం స్టీలు కొనుగోళ్ళు, లక్ష దాకా నన్ను అడగక్కర్లేదని చెప్పాను. తర్వాత చెక్కు మీద సంతకం. పాతవాళ్ళు వచ్చి “అమ్మగారు లేరా?” అని అడిగినప్పుడు మాత్రం పెద్దవాళ్ళకి నిజంగా పరీక్ష. నేను వెళ్ళి పలకరిస్తాను, మంచినీళ్ళిస్తాను, ధర అడిగితే “అమ్మాయి చెప్తుంది” అంటాను. ఆ మాట అనడం అలవాటవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇక కాగితాలు. వీటికి ఆడిటరుని, వకీలుని ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడండి. మేము 2023లో ఒంటరి వ్యాపారాన్ని భాగస్వామ్యంగా మార్చాం. భాగస్తుల్లో ఒకరు పోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం ఫర్మ్ రద్దవుతుంది. అందుకే మిగతావాళ్ళు కొనసాగిస్తారని స్పష్టంగా రాయించాలి. ఇద్దరే ఉంటే ఆ వాక్యం కూడా అక్కరకు రాదు, మిగిలిన ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు కదా. అందుకని అబ్బాయిని రూపాయిలో పది పైసల భాగస్తుడిగా పెట్టుకున్నాం. ఫర్మ్‌ని రిజిస్టరు కూడా చేయించండి, లేకపోతే బాకీల కోసం ఫర్మ్ పేరుతో దావా వేయలేరు. ఫర్మ్‌కి పాన్ కొత్తది కాబట్టి జీఎస్టీ నంబరూ కొత్తదే వస్తుంది. పాత నంబరులో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ని, అంటే సరుకు కొన్నప్పుడు మనం కట్టిన పన్ను జమని, ఐటీసీ-02 ఫారంతో కొత్తదానికి మార్చుకోవాలి, ఇది మర్చిపోతే ఆ డబ్బు వాడుకోలేం. షాపు అద్దెదైతే అగ్రిమెంటు కూడా కొత్త పేరుతో రాయించుకోండి. దాన్ని రిజిస్ట్రేషన్ కూడా చేయించండి.

మేము ఒకటి మర్చిపోయాం, దానికి మూల్యం చెల్లించాం. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. నేను హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గరున్నాను. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిపోయింది, మా గోడౌన్ అక్కడే. ఇటు రోడ్డూ లేదు, అటు రైళ్ళూ లేవు. ఫోన్‌లో అమ్మాయి గొంతు వినడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. నీళ్ళు తీశాక తను, బాబాయ్ బురదలో దిగి ప్రతి వరసకీ ఫొటోలు తీశారు, తడిసిన పెట్టెల లెక్క రాశారు, కడగగలిగింది కడిగించి వేరు పెట్టారు. వరదలో తడిసిన సరుకుని ఆ మాట చెప్పకుండా అమ్మకూడదని తనే నిర్ణయించింది. నేను ఊరికి చేరేసరికి కడిగిన గిన్నెల మీద “వరద సరుకు” అని చీటీలంటించి, తగ్గించిన ధరలు రాసి ఉన్నాయి.

అంతా బాగానే ఉంది కానీ, గోడౌన్ ఇన్సూరెన్స్ మాత్రం ఇంకా నా పాత ఒంటరి వ్యాపారం పేరు మీదే ఉంది. ఏటా డబ్బు కట్టేస్తున్నాం, పాలసీ మీద పేరు ఎవరం చూడలేదు. భాగస్వామ్యం దస్తావేజు, పాత జీఎస్టీ రద్దు కాగితం, అన్నీ చూపించి క్లెయిము తేల్చుకునేసరికి నెలలు గడిచాయి, వచ్చింది కూడా తక్కువే. ఫర్మ్ పేరు మారిన రోజే ఇన్సూరెన్స్, ట్రేడ్ లైసెన్స్, కరెంటు మీటరు, కాటా మీద తూనికల శాఖ ముద్ర సర్టిఫికెట్, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే మార్పించి టిక్కు పెట్టుకోండి. పాలసీలో వరద కూడా ఉందో లేదో చూసుకోండి.

షాపులోకి రాని పిల్లాడి సంగతి కూడా ఇప్పుడే తేల్చాలి. మావారు వీలునామా రాయలేదు కాబట్టి ఇల్లు, షాపు సరుకు, అన్నీ నాకూ ఇద్దరు పిల్లలకీ సమానంగా మూడు వాటాలయ్యాయి. పిల్లలిద్దర్నీ అల్లుణ్ణీ కోడల్నీ ఒకచోట కూర్చోబెట్టి, షాపు విలువ ఇద్దరు వేర్వేరు మనుషుల చేత కట్టించి, మాట్లాడుకున్నాం. ఇంట్లో తన వాటా అమ్మాయి అన్నయ్యకి వదిలేసింది, దానికి రిజిస్టరు చేసిన విడుదల దస్తావేజు రాసుకున్నాం. ఆ పది పైసలు తప్ప షాపులో మిగతాది అబ్బాయి వదిలాడు. నా వాటాలకి వీలునామా రాశాను. దానికి ఇద్దరు సాక్షులు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా నేను చేయించాను. నామినీగా పేరు రాశాం కదా, చాలు అనుకోకండి. బ్యాంకు ఖాతాలో నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, హక్కు వారసులదే. ఆ రోజు అబ్బాయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, “నాన్న ఉంటే ఇలా చేసేవారా అమ్మా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ రోజు తర్వాత అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆస్తి గురించి ఒక్క మాట అనుకోలేదు.

ఇప్పుడు గల్లా తాళం అమ్మాయి దగ్గరుంది, ఇంకోటి బాబాయ్ దగ్గరుంది. నేను పొద్దున్న పదింటికి వెళ్ళి మధ్యాహ్నం దాకా ఉంటాను. నా చేతిలో మిగిలిన పని ఒక్కటే, ఇత్తడి కొనుగోలు. తణుకు దగ్గర అజ్జరంలో మామగారి కాలం నుంచీ మనకి సరుకు చేసే ఇల్లొకటుంది. శ్రావణమాసం ముందు వెళ్ళి గుండిగలు, గంటలు చూసి చెప్పి రావాలి. గంటని వేలి కణుపుతో కొట్టి, మోత ఎంతసేపు నిలుస్తుందో విని ఎంచుకోవాలి. ఈసారి అమ్మాయిని తీసుకెళ్తున్నాను. కొట్టి చూసేది తను, నేను పక్కన కూర్చుంటాను.