లేట్ నైట్ షో హోస్ట్‌లా నవ్వించడం ఎలా? జానీ కార్సన్ నేర్పే పాఠాలు

అమెరికాలో పొద్దుపోయాక వచ్చే టాక్ షోలకు ఒక పద్ధతి ఉంది. హోస్ట్ తెర వెనక నుంచి వచ్చి, నిలబడి, ఆ రోజు వార్తల మీద వరసగా జోకులు వేస్తాడు. దాన్ని మోనోలాగ్ అంటారు. ఆ తర్వాతే అతిథులతో కబుర్లు. జానీ కార్సన్ ఇదే పనిని ‘ది టునైట్ షో’లో 1962 అక్టోబరు నుంచి 1992 మే వరకు, దాదాపు 30 ఏళ్లు చేశారు. స్టేజీ ఎక్కాలనో, సొంతంగా ఒక షో పెట్టాలనో అనుకునేవాళ్లు ముందు ఆయన్ని చూడాలని నా నమ్మకం.

మొదట జోకును విప్పి చూడండి. కార్సన్ 1949లో నెబ్రాస్కా యూనివర్సిటీలో చదువు ముగిస్తూ రాసిన థీసిస్ కామెడీ రాయడం గురించే. రేడియో కమెడియన్ల జోకులు టేపు మీద పెట్టి, ఎక్కడ ఎందుకు నవ్వు వస్తుందో వివరించారు. మీరూ మీకు బాగా నచ్చిన రెండు నిమిషాల క్లిప్ తీసుకోండి. పొల్లు పోకుండా కాగితం మీద రాయండి. జనం నవ్విన ప్రతిచోటా ఒక గీత పెట్టండి. ఆ గీతకు ముందున్న మాటే జోకును మోసింది.

తర్వాత మన భాషలో రాయండి. ఇక్కడ చాలామంది తడబడతారు. తెలుగులో వాక్యం చివర క్రియ వస్తుంది కాబట్టి, నవ్వించాల్సిన మాట మధ్యలో చిక్కుకుపోతుంది. “మా ఊళ్లో కరెంటు అప్పుడప్పుడే వస్తుంది కాబట్టి పోయే సమస్యే లేదు” అంటే చప్పగా ఉంది. “మా ఊళ్లో కరెంటు పోదండీ. వస్తుంది... అప్పుడప్పుడు” అని చూడండి. అసలు మాటను చివరికి తెచ్చి, అక్కడితో ఆపేశాం. రోజూ పేపర్లోంచి మూడు వార్తలు తీసుకుని ఇలాగే రాయండి.

వేరేవాళ్లకు రాసే అవకాశం వస్తే వదలొద్దు. 1954లో టీవీ కమెడియన్ రెడ్ స్కెల్టన్ తన షో రిహార్సల్‌లో దెబ్బ తగిలి స్పృహ తప్పారు. లైవ్ షోకి గంటే టైముంది. ఆయన దగ్గర రైటర్‌గా ఉన్న కార్సన్‌నే కెమెరా ముందు నిలబెట్టారు.

జోకు పేలకపోతే దాచకండి. కార్సన్ మోనోలాగ్ చప్పగా సాగిన రోజున బ్యాండ్ ఓ పాత డ్యాన్స్ ట్యూను అందుకునేది, ఆయన నాలుగు స్టెప్పులు వేసేవారు. పోయిన జోకుకు రాని నవ్వు దానికి వచ్చేది.

అన్నిటికంటే కష్టమైంది ఆగడం. 1965లో ఎడ్ ఏమ్స్ అనే నటుడు షోలో చేతిగొడ్డలి విసరడం చూపించారు. చెక్క మీద గీసిన మనిషి బొమ్మకు అది సరిగ్గా తొడల మధ్య దిగబడింది, పిడి పైకి లేచి ఉంది. హాలంతా గొల్లుమంది. ఏమ్స్ కంగారుగా గొడ్డలి తీసేయబోతే కార్సన్ చెయ్యి పట్టుకుని ఆపేశారు. తానూ నోరు విప్పలేదు. నవ్వు తగ్గేదాకా ఆగి, అప్పుడు ఒక్క మాట వేశారు. హాలు మళ్లీ దద్దరిల్లింది.

ఆ క్లిప్ ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. కార్సన్ ఎంతసేపు ఊరుకున్నారో లెక్కపెట్టండి. ఈసారి ఇంట్లో భోజనాల దగ్గర మీరు వేసిన జోకుకు ఎవరైనా నవ్వితే, రెండో మాట అనడానికి ముందు ఆ నవ్వు పూర్తిగా అయ్యేదాకా ఆగి చూడండి.