బ్యాటరీ మార్చినా సెల్ఫ్ తీసుకోవట్లేదా? ఎర్త్ వైరు చూడండి

సంక్రాంతి వారంలో కోనసీమలో నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకేలా ఉంటాయి. గల్ఫ్ నుంచో హైదరాబాదు నుంచో దిగుతారు, కొబ్బరి తోటలో షెడ్డు కింద ఆరు నెలలుగా పడుకున్న కారు తాళం తిప్పుతారు, కదలదు. "బ్యాటరీ పోయినట్టుందండీ, ఏ కంపెనీది కొనమంటారు?" అని అడుగుతారు. బానెట్ ఎత్తి చూశారా అంటే అవతల నుంచి మాట ఉండదు.

తాళం తిప్పే ముందే ఎత్తాలి. సార్వా కోతలయ్యాక చేలో ఎలుకలకి తిండి తగ్గుతుంది, ఇళ్ల వైపు వస్తాయి. బానెట్ కింద వాటికి వెచ్చగా, చీకటిగా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపల గడ్డీ, కొబ్బరి పీచూ కూరి ఉండటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. కొరికిన వైరు కంటికి కనిపిస్తుంది, ఐదు నిమిషాల పని. అది చూడకుండా సెల్ఫ్ కొడితే తెగిన వైరు బాడీకి తగిలి ఫ్యూజు పోతుంది, ఆ తర్వాత వెతుకులాట మొదలవుతుంది.

వరద నీళ్లలో నిలబడ్డ బండి అయితే అసలు తాళమే తిప్పకండి. 2022 జులైలో గోదారి లంకల్లోకి వచ్చాక ఇలాంటి బళ్లు చాలా చూశాం. ఆయిల్ గేజి పుల్ల తీసి చూడండి. నూనె పాలు కలిపిన టీలా కనిపిస్తే లోపలికి నీళ్లు చేరినట్టే, బండిని ట్రక్కు మీద ఎక్కించి పంపండి. సిలిండర్లో నీళ్లుండగా ఇంజన్ తిరిగితే లోపల పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

తాళం తిప్పితే డాష్ బోర్డు మీద ఒక్క లైటూ లేదు

బ్యాటరీ ఖాళీ. ఆపి ఉంచిన బండి కూడా గడియారానికీ, అలారానికీ కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు లాగుతోందనుకోండి, రోజుకి 0.72 ఆంపియర్ అవర్ పోతుంది. చిన్న కార్లో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీకి నెలన్నర చాలు. రాత్రంతా నెమ్మదిగా, మూడు నాలుగు ఆంపియర్ల మీద చార్జింగ్ పెట్టండి. తీసేశాక కొన్ని గంటలు వదిలి మీటరు పెడితే 12.6 వోల్టులు ఉండాలి. 12 దాటకపోతే దాని మీద ఆశ వదులుకోండి.

లైట్లు వెలుగుతున్నాయి, సెల్ఫ్ "టక్" అని ఆగిపోతోంది

అందరూ బోల్తా పడేది ఇక్కడే, నాతో సహా.

మా బావగారిది సఖినేటిపల్లి. అంతర్వేది దగ్గర కాబట్టి సముద్రపు గాలి ఇంట్లోకే వస్తుంది. ఐదు నెలలు నిలబెట్టిన పెట్రోల్ కారు "టక్" అంది. నా బండి తెచ్చి జంపర్ కేబుల్ తగిలించాను, నెగెటివ్ క్లిప్పు పద్ధతి ప్రకారం ఇంజన్ ఇనుము మీదే పెట్టాను. ఒక్క దెబ్బకి స్టార్టయింది. ఇంకేం, బ్యాటరీ పోయిందని తేల్చేసి కొత్తది కొనిపించాను. బిగించి తాళం తిప్పితే మళ్లీ అదే "టక్". సెల్ఫ్ మోటారు విప్పించాను. బల్ల మీద పెట్టి కరెంటిస్తే బొంగరంలా తిరిగింది. బావగారు అరుగు మీద కూర్చుని, "ఏమయ్యా, పాత బ్యాటరీ పారేయకుండా ఉంచమంటావా?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు.

పోయింది ఎర్త్ వైరు. బాడీ నుంచి ఇంజన్‌ని ఆనుకున్న గేరు బాక్సుకి వెళ్లే లావు నల్ల వైరు. సెల్ఫ్‌కి వెళ్లిన కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి అదే. పైన రబ్బరు తొడుగు కొత్తదానిలా ఉంది. వేళ్లతో నొక్కితే కరకరలాడింది. చీల్చి చూస్తే రాగి పోగులన్నీ పచ్చగా చిలుము పట్టి పొడి అవుతున్నాయి.

లైట్లు మరి ఎలా వెలిగాయంటే, వాటి కరెంటు బాడీ నుంచి నేరుగా బ్యాటరీకి తిరిగొస్తుంది, ఈ వైరుతో పని లేదు. సెల్ఫ్ సంగతికొస్తే, తూము పూడిపోయిన బోదెని గుర్తు తెచ్చుకోండి. పెరట్లో నాలుగు మొక్కలకి నీళ్లొస్తాయి, పదెకరాల చేనుకి రావు. సెల్ఫ్‌కి నూరు ఆంపియర్లు దాటి కావాలి. ఆ చచ్చుబడ్డ వైరు "టక్" అనడానికి సరిపోయే కొద్ది కరెంటుని పంపగలదు, నూరుని పంపలేదు. ఇక జంపర్‌తో ఎందుకు స్టార్టయిందంటే, నేను క్లిప్పుని నేరుగా ఇంజన్‌కి పెట్టడంతో కరెంటు ఆ వైరుతో పని లేకుండా నా బండి నుంచి వెళ్లిపోయింది. బాగుపడింది దారి అయితే నేను బ్యాటరీ అనుకున్నాను.

ఇప్పుడు నేను ఏ బండి దగ్గరకెళ్లినా ముందు మీటరు తీస్తాను. బ్యాటరీ రెండు కొనల మీద పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 9.5 కంటే కిందికి పడిపోతే ముందు బ్యాటరీనే అనుమానించండి. 12 దగ్గరే నిలబడి "టక్" అంటే కరెంటు బయటికే వెళ్లట్లేదు. అప్పుడు మీటరు నల్ల పుల్ల బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర పుల్ల ఇంజన్ మీద రంగు లేని ఇనుముకి ఆనించి మళ్లీ కొట్టించండి. అర వోల్టు లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. బావగారి బండికి 4 వోల్టులు దాటింది. మీటరు లేదా, జంపర్ కేబుల్లో నల్లది ఒక్కటే తీసుకుని అదే బండి బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజన్‌కి తగిలించండి. ఇంకో బండి అక్కర్లేదు. ఇంజన్ తిరిగిందా, దొంగ దొరికినట్టే.

మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. పాత బళ్లలో కరెంటు దారి దొరక్క క్లచ్ కేబుల్ గుండా పోతుంది, అది కాలి పొగలొస్తాయి.

బాగుచేయడం తేలికే. ముందు బ్యాటరీ నెగెటివ్ ఊడదీయండి. వైరు చివర్లు, బోల్టు కూర్చునే చోటు ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దండి. రంగు మీద బోల్టు బిగిస్తే లాభం లేదు. గట్టిగా బిగించాక పైన గ్రీజు పూయండి, రుద్దకుండా తుప్పు మీద పూసి మురిసిపోవద్దు. వైరు లోపల పచ్చబడితే శుభ్రం చేసినా ఉపయోగం లేదు, మార్చేయండి. కొత్త బ్యాటరీ ఖరీదుతో పోలిస్తే చాలా తక్కువే అవుతుంది. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లేది కూడా అదే చేత్తో చూసేయండి, తోడబుట్టినవే అవి.

ఎర్త్ బాగుండి కూడా "టక్" అంటుంటే పోయింది సెల్ఫ్ సోలినాయిడో (మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు), మోటారు లోపలి కార్బన్ బొగ్గులో. ఎలక్ట్రీషియన్ పని.

ఇంజన్ గిరగిరా తిరుగుతోంది, అంటుకోవట్లేదు

తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి పెట్రోల్ పంపు కుయ్‌మని రెండు క్షణాలు వినపడాలి. వినపడకపోతే ఫ్యూజు, ఆ తర్వాత ఎలుక. వినపడితే పది లీటర్లు కొత్త పెట్రోలు పోసి చూడండి. ఆరు నెలలకే పెట్రోలు చెడి బండి ఆగిపోవడం నేను తక్కువ చూశాను, అయినా ఇథనాల్ కలిసిన పెట్రోలు మన తేమని పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకు సగం ఖాళీగా వదలకండి. డీజిల్ అయితే ఫిల్టర్ అడుగున మర వదులు చేసి నీళ్లు దించండి. తాళం గుర్తు లైటు మిణుకుమిణుకుమంటుంటే రెండో తాళంతో ప్రయత్నించండి. కంప్యూటర్ పోయిందని ఎవరైనా అంటే, పైవన్నీ చూశాక మాట్లాడమనండి.

స్టార్టయ్యాక బండి కదలకపోతే భయపడకండి, హ్యాండ్ బ్రేకు పట్టేసి ఉంటుంది. కాస్త ముందుకీ వెనక్కీ ఆడిస్తే ఠప్పున వదులుతుంది. ఈసారి వెళ్లేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేయకుండా గేర్లో పెట్టి, చక్రాలకి ఇటుకలు అడ్డం వేసి, బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి వెళ్లండి. పది నంబరు స్పానర్ ఒకటి డాష్ బోర్డు సొరుగులో పడేయండి.