రేసు సూటు: కొనేది, తొడిగేది, దాచేది

నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఈత బాయిలోనే వస్తుంది, నిక్కరు ఏదైనా నడుస్తుంది. గచ్చిబౌలి కొలనులో పోటీకి దిగితే మాత్రం వదులు నిక్కరులోకి నీళ్లు చేరి గొడుగులా వెనక్కి లాగుతాయి. రేసు సూటు అలా కానివ్వదు. ఒంటిని బిగించి కండ ఊగకుండా ఆపుతుంది. దాని పైపూత నీటిని పీల్చనివ్వదు, అతుకులు దారపు కుట్లు కాకుండా అంటించినవి కాబట్టి ఒరుసుకోవు. కాళ్లు కిందికి జారే ఈతను మాత్రం ఏ సూటూ బాగుచేయదు. ముందు అది దిద్దుకోవాలి.

పాత పాలియురెథేన్ (నేసిన బట్ట కాదు, రబ్బరు లాంటి పొర) సూట్లు చౌకగా దొరికినా కొనొద్దు. 2009 రోమ్ ప్రపంచ ఈత పోటీల్లో ఇలాంటి సూట్ల జోరులో 43 ప్రపంచ రికార్డులు పడ్డాక, 2010 నుంచి బట్టతో నేసినవే అనుమతిస్తున్నారు: మగవాళ్లకు నడుము నుంచి మోకాలి దాకా, ఆడవాళ్లకు భుజాల నుంచి మోకాలి దాకా. మందం 0.8 మిల్లీమీటర్లు దాటకూడదు, జిప్ ఉండకూడదు. ప్రపంచ ఈత సమాఖ్య ఆమోదపు ముద్ర చూసి కొనండి. పెరిగే పిల్లలు కదా, వచ్చే ఏడాదికీ వస్తుందని ఒక సైజు పెద్దది తీసుకుంటే డబ్బు నీళ్లపాలే. ముడత పడితే వదులైనట్టు.

తొడగడానికి అరగంట పెట్టుకోండి. ఎండాకాలం చెమటకు బట్ట అంటుకుపోతుంది. ఫ్యాను కింద నిలబడి ఒళ్లు పొడిగా తుడుచుకోండి, నూనె రాయొద్దు. గోళ్లు కత్తిరించి, ఉంగరాలు తీసేయండి. పాదానికి ప్లాస్టిక్ సంచి తొడిగితే కాలు సులువుగా జారుతుంది. పాదం బయటికి వచ్చాక సంచి లాగేయండి. వేళ్ల మెత్తటి భాగంతో కొంచెం కొంచెంగా బట్టను తొడల పైకి జరపండి. తొందరపడి నడుము పట్టీ పట్టి గుంజేవాళ్లే ఎక్కువ. అలా చేస్తే గజ్జల్లో బట్ట అందక, స్టార్టింగ్ బ్లాక్ (దూకే దిమ్మె) మీద వంగినప్పుడు వెనకాల చిరుగుతుంది. తొడల దగ్గర బట్ట పూర్తిగా పైకి వచ్చాకే నడుము ఎక్కించాలి.

వార్మప్‌కు, రోజువారీ సాధనకు ఇది వద్దు. క్లోరిన్ సాగే దారాన్ని తినేస్తుంది. సాధనకు పాలియెస్టర్ జామర్ (మోకాలి దాకా ఉండే బిగుతు ఈత నిక్కరు) చాలు. పోటీ కాగానే చల్లని నీళ్లలో సబ్బు లేకుండా జాడించండి. మన బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి చివరిసారి ఫిల్టర్ నీళ్లు పోయండి. పిండొద్దు, తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో పరచండి. ఎండలో ఆపిన కారులో వదలొద్దు. చుక్కలుగా జారాల్సిన నీరు బట్టలోకి ఇంకుతోందంటే పూత పోయినట్టే. దాన్ని టైమ్ ట్రయల్స్‌కు (సాధనలో వేగం కొలుచుకునే ఈతలకు) వాడుకోండి.