బ్లాక్ మార్చే ముందు నీళ్ల వేడి చూడండి

మే నెల వస్తే నాకు ఒకటే రకం ఫోన్లు. "అన్నా, గేమ్ పెట్టగానే సీపీయూ 95 డిగ్రీలు చూపిస్తోంది, రిచీ స్ట్రీట్‌కి పోయి మంచి వాటర్ బ్లాక్ తెచ్చుకోనా?" వాటర్ బ్లాక్ అంటే సీపీయూ మీద కూర్చుని దాని వేడిని నీళ్లకు అందించే లోహపు దిమ్మ. నేను ముందు అడిగేది ఒక్కటే: నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి? చాలామంది ఆ సంగతే చూసి ఉండరు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. చెన్నై వేలచ్చేరిలో పై అంతస్తు ఫ్లాట్, ఏసీ పక్క గదిలో. కంప్యూటర్ ఉన్న గది 36 డిగ్రీలు. లూప్‌లో, అంటే బ్లాక్, పంపు, రేడియేటర్ మధ్య పైపుల్లో తిరిగే నీళ్లు గది కంటే చల్లబడే ప్రసక్తే లేదు. ఎంత ఖరీదైన బ్లాక్ కొన్నా లెక్క ఆ 36 నుంచే మొదలు.

జీ 1/4 మర ఉన్న చిన్న సెన్సర్ ఒకటి లూప్‌లో బిగించి, వైరు మదర్‌బోర్డులోని 2 పిన్నుల హెడర్‌కి ఇవ్వండి. అన్నీ బిగించి వచ్చే రెడీమేడ్ కూలరైతే చాలావాటిలో దాని సాఫ్ట్‌వేరే చూపిస్తుంది. అరగంట లోడ్ పెట్టి గది, నీళ్లు, సీపీయూ మూడు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

సమస్య: వేడి మెల్లగా ఎక్కుతుంది, ఆపినా మెల్లగానే దిగుతుంది

నీళ్లు గది కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు పైన ఉంటాయి. ఇది బ్లాక్ తప్పు కాదు, నీళ్ల వేడిని గాలికి వదిలే రేడియేటర్ చాలడం లేదు. దుమ్ము దులపండి, ఫ్యాన్లు ఎటు ఊదుతున్నాయో చూడండి, క్యాబినెట్‌ని గోడకు కాస్త దూరం జరపండి. అప్పటికీ తగ్గకపోతే డబ్బులు రేడియేటర్ మీద పెట్టండి. నీళ్లు 60 దాటనివ్వకండి, డీ5 లాంటి పంపులకు అదే హద్దు.

సమస్య: లోడ్ పెట్టిన రెండు సెకన్లకే 90, ఆపగానే దబ్బున కిందికి

నీళ్లు గది కంటే పది డిగ్రీల లోపే ఎక్కువున్నాయి, సీపీయూ మాత్రం మండిపోతోంది. అంటే వేడి నీళ్ల దాకా చేరడం లేదు. బ్లాక్ ఊడదీసి, దానికీ సీపీయూకీ మధ్య పూసిన పేస్ట్ అచ్చు చూడండి. ఒక మూల మందంగా, ఇంకో మూల పలచగా ఉంటే బిగింపు వంకర. స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా తిప్పుతూ బిగించాలి, ఒకటి పూర్తిగా బిగించి రెండోది మొదలుపెట్టకూడదు. ఇంటెల్ ఎల్‌జీఏ 1700లో సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) క్లిప్ ఒత్తిడికి ప్రాసెసర్ మూతే కాస్త వంగుతుంది. ఆ క్లిప్ బదులు ఒత్తిడిని సమంగా పంచే కాంటాక్ట్ ఫ్రేమ్ వేస్తే సరిపోతుంది, దానికోసం బ్లాక్ మార్చక్కర్లేదు. మా బావమరిది కోల్డ్ ప్లేట్ (సీపీయూకి ఆనే బ్లాక్ అడుగు) మీది ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించి రెండు వారాలు నడిపాడు. పాపం, ఆ పొర తీశాక ఇక ఫోన్ చేయలేదు.

కొత్త బ్లాక్ మొదటి రోజు నుంచే వేడెక్కుతుంటే పైపులు తారుమారయ్యాయేమో చూడండి. చాలా బ్లాకుల్లో నీళ్లు మధ్యలోంచి దిగి ఫిన్స్ (లోపలి సన్నటి రేకులు) వెంట రెండు పక్కలకూ పోవాలి. ఏది లోపలికి, ఏది బయటికి అన్నది మాన్యువల్‌లో ఉంటుంది.

రైజెన్ 7600ఎక్స్, 7950ఎక్స్ లాంటి ప్రాసెసర్లైతే ఊరికే టెన్షన్ పడకండి. పూర్తి లోడ్‌లో 95 దాకా పోయి అక్కడ నిలిచేలా వాటిని తయారుచేసిందే ఏఎండీ. మంచి బ్లాక్ పెట్టినా అంకె అంతే ఉండి, స్పీడ్ మాత్రం కాస్త పెరగొచ్చు.

సమస్య: ఆర్నెల్లు బాగానే ఉంది, ఇప్పుడు నెలనెలా రెండు డిగ్రీలు ఎక్కుతోంది

పోయినేడు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడి బ్లాక్ విప్పాను. రాగి ఫిన్స్ వెంట్రుకంత సన్నం. వాటి మధ్య నాచు, తెల్లటి సున్నపు పొర కలిసి ఇడ్లీపిండిలా పేరుకుపోయాయి. "నీళ్లు ఏం పోశావురా?" అంటే, "తాగే క్యాన్ నీళ్లే అన్నా, శుభ్రమైనవే కదా" అన్నాడు. తాగడానికి శుభ్రమే. లూప్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి, నాచు, తుప్పు పట్టకుండా మందు కలిపి. లేదంటే రెడీమేడ్ కూలెంట్.

కడిగేటప్పుడు నీళ్లను ఫిన్స్ మీదికి మళ్లించే లోపలి జెట్ ప్లేట్ ఎటు తిరిగి ఉందో విప్పకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పాత మెత్తటి టూత్‌బ్రష్‌తో ఫిన్స్ పొడుగునా తోమండి, అడ్డంగా కాదు. ఉత్తి రాగికి నీళ్లు కలిపిన వెనిగర్ పర్వాలేదు, నికెల్ పూత ఉంటే వద్దు. అక్రిలిక్ మూతకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగలనివ్వకండి, సన్న బీటలు వస్తాయి.

నిజంగానే బ్లాక్ కొనాల్సి వస్తే

ముందు సాకెట్. ఎల్‌జీఏ 1200 రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లు, 1700ది 78. పాత బ్రాకెట్ సరిపోదు. 1851కి మాత్రం 1700 రంధ్రాలే. ఏఎండీ సాకెట్ ఏఎం5లో బోర్డు వెనక పలక ఊడదు. సొంత పలకతో వచ్చే పాత ఏఎం4 బ్లాకులు అక్కడ కూర్చోవు. ఏఎండీ థ్రెడ్‌రిప్పర్ ప్రాసెసర్ మూత పెద్దది, దానికోసం చేసినదే కావాలి.

తర్వాత లోహం. రేడియేటర్‌లో రాగి, ఇత్తడి ఉంటే బ్లాక్‌లో అల్యూమినియం వద్దు, ఒకే నీళ్లలో రెండూ ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. నికెల్ పూత అందానికే ఎక్కువ. లైట్లు వెలిగే మూత కావాలంటే అది మీ సరదా, ఒక్క డిగ్రీ కూడా తగ్గదు. నేనైతే నల్లటి ఎసెటాల్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) మూత తీసుకుంటా, బీటలు పడదు.

ఫిట్టింగులు చేత్తో బిగిస్తే చాలు, మూసే పని ఓ-రింగ్ అనే రబ్బరు చక్రానిది. స్పానర్ పెడితే మూత పగులుతుంది. తర్వాత పంపు ఒక్కటే నడిపి, ప్రతి జాయింట్ కింద టిష్యూ పేపర్ పెట్టి ఒక రోజంతా వదిలేయండి. టిష్యూ తడిస్తే "చెన్నై ఉక్కపోతకి పట్టిన చెమటలే" అనుకోకండి. నడుస్తున్న లూప్‌లో నీళ్లు గది కంటే చల్లగా ఉండవు, చెమట పట్టే అవకాశమే లేదు. అది లీకే.