జైసల్మేర్ వెళ్తున్నారా? ఏం తినాలో, ఎక్కడ తినాలో చెప్తాను

దసరా వెళ్ళాక మా విజయనగరంలో జరిగే సిరిమాను సంబరం అయిపోయాక బయల్దేరితే, రాజస్థాన్ ఎడారిలో ఉన్న జైసల్మేర్‌లో సరిగ్గా సీజన్ అందుకుంటారు. అక్టోబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ హాయిగా తిరగొచ్చు, ఆకలీ బాగా వేస్తుంది. మే, జూన్‌లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నెయ్యి ఓడే ఆ వంటలు అప్పుడు సహించవు. నాది విజయనగరంలో కర్రీ పాయింట్. ఏ ఊరెళ్ళినా నా చూపు ముందు పొయ్యి మీదకే పోతుంది కాబట్టి హవేలీల (పాతకాలపు పెద్ద భవంతుల) సంగతి వేరేవాళ్ళకి వదిలేసి తిండి గురించే చెప్తాను.

ముందు ఒక మాట. అక్కడ ఇడ్లీ సాంబారు కోసం వెతక్కండి. మేడమీద హోటళ్ళలో పిజ్జా నుంచి నూడుల్స్ దాకా పెద్ద మెనూ కార్డు ఇస్తారు, అదీ పక్కన పెట్టేయండి. నీళ్ళు లేని నేల మీద పుట్టిన వంట ఒకటి ఉంది, అది తినండి. అక్కడ పచ్చి కూరగాయలు కరువు, వంటలో నీళ్ళు పోయాలన్నా ఒకప్పుడు ఆలోచించాల్సిందే. అందుకే నీళ్ళ బదులు మజ్జిగ, కూరగాయల బదులు శనగపిండి, ఎండబెట్టిన కాయలు. శనగపిండి ముద్దని పొడుగ్గా చుట్టి, ఉడికించి, ముక్కలు కోసి పెరుగు పులుసులో వేస్తే గట్టే కూర. కూరగాయ ఒక్కటీ లేకుండా అంత చక్కటి పులుసు చెయ్యొచ్చని నేను అక్కడే చూశాను.

అన్నిటికంటే గొప్పది కేర్ సాంగ్రీ. సాంగ్రీ అంటే జమ్మి కాయలు. దసరాకి మనం పూజ చేసే జమ్మి చెట్టే ఆ ఎడారిలో మనిషికి కూర, మేకకి మేత. లేత కాయలు కోసి, ఉడికించి, ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారు. కేర్ ముళ్ళపొదకి కాసే చిన్న గుండ్రటి కాయ. పచ్చిది చేదు. ఉప్పునీళ్ళలోనో మజ్జిగలోనో కొన్ని రోజులు ఊరబెట్టి ఆ చేదు తీస్తారు. రెండూ కలిపి నూనెలో ఎండుమిర్చి, ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) వేసి మగ్గిస్తే పుల్లగా, కారంగా భలే ఉంటుంది. దాన్ని గంటె (సజ్జ) రొట్టెతో తినాలి. రొట్టె పెనం మీంచి దిగిన వెంటనే నెయ్యి రాసి పెట్టమనండి, చల్లారితే గట్టిపడిపోతుంది. పక్కన బెల్లం ముక్క అడగండి, ఇస్తారు.

పొద్దున్నే గడీసర్ చెరువు దగ్గరకి వెళ్ళి టీ తాగండి. ఒకప్పుడు ఊరందరికీ తాగునీళ్ళు ఆ చెరువువే. తర్వాత హనుమాన్ చౌరాహా వైపు వస్తే వేడి వేడి ఉల్లిపాయ కచోరీలు, మిర్చి వడలు దొరుకుతాయి. నూనె కాగుతూ ఉన్న చోటే కొనండి, పళ్ళెంలో ముందే వేయించి పెట్టినవి వద్దు. మిఠాయికి భాటియా మార్కెట్‌లో ధన్‌రాజ్ రణ్‌మల్ భాటియా దుకాణం పేరు అందరూ చెప్తారు. అక్కడ ఘోటువా లడ్డు తినండి. శనగపిండి బూందీని కోవాతో కలిపి మెత్తగా నూరి కడతారు.

కోటలో తినొద్దనే నేను చెప్తాను. 1156లో రావల్ జైసల్ కట్టించిన కోట అది, ఇప్పటికీ లోపల వేలమంది కాపురం ఉంటున్నారు. మెత్తటి రాతి గుట్ట మీద, మట్టి పొరల మీద నిలబడింది. లోపల హోటళ్ళు పెరిగి నీళ్ళ వాడకం ఎక్కువయ్యాక, ఆ నీళ్ళు ఇంకి పునాదులు దెబ్బతిన్నాయి, కొన్ని బురుజులు కూలిపోయాయి. మనం తాగే గ్లాసు నీళ్ళ వల్ల కోట పడిపోదు గానీ, వందల పళ్ళేలు కడిగే నీళ్ళు ఎక్కడికి పోతాయో వంట చేసేవాళ్ళకి తెలుసు. కోట చూడండి, భోజనానికి కిందకి దిగండి. గాంధీ చౌక్‌లో నాచనా హవేలీ మేడమీద సాఫ్రన్ రెస్టారెంట్ నుంచి ఆ కోటంతా కనిపిస్తుంది. నేల మీద కూర్చుని తినాలనుంటే డెజర్ట్ బాయ్స్ ఢాణీ బాగుంటుంది. మాంసం తినేవాళ్ళు లాల్ మాస్ అడగండి. జోధ్‌పూర్ దగ్గర మథానియా మిరపకాయలతో వండే మటన్ అది. మన కారానికి అలవాటుపడ్డ నాలుకకి కచ్చితంగా నచ్చుతుంది.

ఇసుక తిన్నెల కోసం అందరూ 40 కిలోమీటర్ల దూరంలోని సమ్‌కి వెళ్తారు. క్యాంపుల్లో టీ, పకోడీ, డాన్సు, రాత్రి బఫే అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. బఫేలో పనీర్ కూర, ఫ్రైడ్ రైస్ ఎక్కువ. డబ్బు కట్టకముందే అడగండి: దాల్ బాటీ (పప్పుతో తినే కాల్చిన గోధుమపిండి ఉండలు) ఉంటుందా, గంటె రొట్టెలు అప్పటికప్పుడు చేసిస్తారా అని. సరిగ్గా జవాబు చెప్పకపోతే ఇంకో క్యాంపు చూసుకోండి. జనం తక్కువుంటే బాగుణ్ణు అనుకునేవాళ్ళకి ఖూడీ ఊరు మేలు. అక్కడ ఇళ్ళల్లోనే వండి పెడతారు, నాకైతే అదే ఇష్టం.

తాగడానికి జీలకర్ర వేసిన మజ్జిగని మించింది లేదు. చలికాలం రాత్రి రాబ్ దొరికితే వదలొద్దు. గంటెపిండి మజ్జిగలో కలిపి కాస్తారు, చోడి (రాగి) అంబలి తాగి పెరిగినవాళ్ళకి మొదటి గుక్కకే నచ్చేస్తుంది. మంచినీళ్ళకి సీలు ఉన్న బాటిలే కొనండి. ఒక్క జాగ్రత్త: కోట ద్వారం దగ్గర అనుమతి ఉన్న భంగు (గంజాయి ఆకుతో చేసే మత్తు పదార్థం) దుకాణం ఉంది. లస్సీ అమ్ముతారు, బిస్కట్లూ అమ్ముతారు. పిల్లలు, బీపీ ఉన్న పెద్దలు వెంట ఉంటే ఏ లస్సీ అయినా భంగు కలిపారో లేదో అడిగి తెలుసుకున్నాకే చేతికివ్వండి.

వచ్చేటప్పుడు బజార్లో ఎండు కేర్, సాంగ్రీ కొనుక్కోండి. సన్నగా, ముదురు రంగులో ఉన్న సాంగ్రీ లేతది. లావుగా గింజ తేలినది పీచు. ఇంటికొచ్చాక ఇసుక పోయేదాకా నాలుగైదు సార్లు కడిగి, రాత్రంతా నానబెట్టి, పల్చటి మజ్జిగలో ఉడికించి వార్చేయండి. తర్వాత ఆవనూనెలో వేయించుకోవాలి. ఆ వాసన పడనివాళ్ళు నువ్వుల నూనె వాడుకోవచ్చు.