కుర్చీలోని పనితనాన్ని గుర్తించడం ఎలా?

భీమవరంలోనో అమలాపురంలోనో ఆఫీసు కుర్చీ కొనబోయేవారు, మెత్తదనాన్ని చూసి తీర్పు చెప్పకుండా, కనీసం పావుగంట అందులో కూర్చుని పరీక్షించాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా ఎత్తు సవరించుకున్నాక, సీటు అంచుకూ మోకాలి వెనుక భాగానికీ మధ్య రెండు మూడు వేళ్ల సందు మిగలాలి. లేకపోతే ఆ అంచు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అసలైన పనితనం వెనక్కి వాలినప్పుడే తెలుస్తుంది: మంచి కుర్చీలో వీపుభాగం ఎక్కువగా, సీటు తక్కువగా వాలుతాయి కనుక పాదాలు నేలను విడవవు, నడుము ఒంపుకు ఆసరా తప్పిపోదు. అమెరికన్ డిజైనర్లు బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్ రూపొందించగా 1994లో వచ్చిన ఏరాన్ కుర్చీలో నురుగు దిండుకు బదులు గాలి ఆడే వల అల్లిక ఉంటుంది. చెమట ఆరని మన డెల్టా ఉక్కపోతకు, నా దృష్టిలో, అంతకంటే తగిన ఏర్పాటు లేదు. నులక మంచం మీద పడుకున్నవారికి ఆ అల్లిక విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇక చేతులు ఆన్చుకునే ఆనికలంటారా, అవి బల్ల కిందికి దూరితే చాలు.